తాళాలు చేసేవాళ్ల అబ్బాయి

మిర్యాలగూడలో మా బాబాయి ఒక రైస్ మిల్లులో ఎలక్ట్రీషియన్. వానాకాలం వడ్లు దిగే రోజులు, మిల్లు ముందు లారీలు లైన్ కట్టి ఉన్నాయి. సరిగ్గా అప్పుడే ఫీడర్ మోటరు స్పీడ్ తిప్పే నాబ్ పోయింది. నాబ్ అంటే పైన ప్లాస్టిక్ బొడిపె కాదు, దాని కింద ఉండే పొటెన్షియోమీటర్. మనం ల్యాబ్‌లో ముద్దుగా పాట్ అంటాం. దాని వెనక బి10కె అని ఉంది. సెలవులకి ఇంటికి వస్తున్నా కదా, దార్లో ఒకటి పట్టుకు రమ్మని బాబాయి ఫోన్ చేశాడు. కంప్యూటర్ సైన్స్ చదివేవాడికి ఇవన్నీ తెలుస్తాయని మా ఇంట్లో ఒక నమ్మకం. నేనూ దాన్ని చెడగొట్టలేదు.

సూర్యాపేటలో బస్సు దిగి రెండు షాపులు తిరిగాను. వాల్యూమ్ కంట్రోలా అని అడిగి ఒకాయన డబ్బా తీశాడు. 100 కె ఒక్కటే ఉంది. కోదాడలో మా ఇంటి దగ్గర టీవీ రిపేర్ అంకుల్ దగ్గర 5 కె దొరికింది. 10 కె మాత్రం ఎక్కడా లేదు. నేను బాగా ఆలోచించి 100 కె మీదే పడ్డాను. ఇంటర్‌లో చదివిన పారలల్ ఫార్ములా గుర్తొచ్చింది మరి. 10 కె, 1 కె రెసిస్టర్లు సిరీస్‌లో కలిపి 11 కె చేసి, దాన్ని పాట్ రెండు చివర్లకీ అడ్డంగా సోల్డర్ చేశాను. మల్టీమీటర్ పెడితే 9.9 చూపించింది. చాలా గర్వంగా హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బస్సెక్కాను.

పెట్టి ఆన్ చేశాం. నాబ్ సగం తిప్పితే డ్రైవ్ డిస్‌ప్లే మీద సుమారు పాతిక హెర్ట్జ్ రావాలి. 11 వచ్చింది. ముప్పాతిక దాటాక మోటరు ఒక్కసారిగా ఎగబడింది, వడ్లు గుట్టగా పడ్డాయి. బాబాయి ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే ఎక్కువ బాధ. మీటర్ 10 కె అంటుంది, మోటరు కాదంటుంది. ఆ రాత్రి బాబాయి వాళ్ల డాబా మీద కూర్చొని, అసలు ఈ ఓమ్ అనే ఆయన ఎవరు, ఈ లెక్క ఎక్కడ మొదలైంది అని చదువుతూ పోయాను. పాట్ సంగతి తర్వాత చెప్తాను, ముందు ఆయన సంగతి.

జార్జ్ సైమన్ ఓమ్ 1789 మార్చి 16న బవేరియాలోని ఎర్లాంగెన్ అనే ఊళ్లో పుట్టాడు. నాన్న యోహాన్ వోల్ఫ్‌గాంగ్ ఓమ్ తాళాలు చేసే పనివాడు. అమ్మ మరియా ఎలిజబెత్ దర్జీ ఇంటి పిల్ల. ఏడుగురు పిల్లల్లో మిగిలింది ముగ్గురే. జార్జ్‌కి పదేళ్లప్పుడు అమ్మ కూడా పోయింది. నాన్న పెద్దగా బడికి పోయినవాడు కాదు. కానీ పగలంతా ఇనుముతో పని చేసి, తనంతట తాను లెక్కలు, ఫిలాసఫీ నేర్చుకున్నాడు. కొడుకులిద్దరికీ తనే గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ చెప్పాడు. తర్వాత వాళ్లు వెళ్లిన స్కూల్లో సైన్స్ పెద్దగా ఉండేది కాదు, అంతా బట్టీ. పదిహేనేళ్లప్పుడు లాంగ్స్‌డోర్ఫ్ అనే యూనివర్సిటీ ప్రొఫెసర్ ఆ అబ్బాయిని పరీక్షించి, బెర్నూలీ అన్నదమ్ములతో పోల్చాడు. తాళాలు చేసే ఇంటి పిల్లలకి అది చిన్న మాట కాదు.

తమ్ముడు మార్టిన్ కూడా పెద్ద గణితవేత్త అయ్యాడు. ఇద్దరు కొడుకుల్ని అట్లా తీర్చిన ఆ తండ్రి గురించి ఎవరైనా పుస్తకం రాస్తే ముందు నేను కొంటాను.

1805లో జార్జ్ ఎర్లాంగెన్ యూనివర్సిటీలో చేరాడు. చేరి ఏం చేశాడనుకున్నారు? డ్యాన్సులు, మంచు మీద స్కేటింగ్, బిలియర్డ్స్. ఇది చదివాక నాకు ఆయన మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. నాన్నకి మాత్రం ఒళ్లు మండింది. తనకి దొరకని చదువు కొడుక్కి దొరికితే వాడు దాన్ని బిలియర్డ్స్ బల్ల మీద పెడుతున్నాడు. మూడు సెమిస్టర్ల తర్వాత చదువు మాన్పించి స్విట్జర్లాండ్ పంపించాడు. 1806లో, పదిహేడేళ్ల వయసులో, జార్జ్ అక్కడ ఒక స్కూల్లో లెక్కల సారు అయ్యాడు. మన భాషలో చెప్పాలంటే డ్రాపవుట్ అయి ట్యూషన్లు చెప్పుకున్నాడు. కానీ అక్కడ ఒంటరిగా ఆయిలర్, లాప్లాస్ పుస్తకాలు చదివాడు. ఏం చదవాలో చెప్పింది లాంగ్స్‌డోర్ఫే. 1811లో తిరిగొచ్చి అదే ఏడు డాక్టరేట్ తీసుకున్నాడు.

డాక్టరేట్ వచ్చింది కానీ డబ్బు రాలేదు. యూనివర్సిటీలో కొన్నాళ్లు పాఠాలు చెప్పాడు, ఆ జీతంతో బతకడం కుదరలేదు. 1813లో బాంబెర్గ్‌లో ఒక చిన్న స్కూల్లో చేరాడు. అది 1816లో మూతపడింది. ఈ మధ్యలో రేఖాగణితం మీద ఒక పుస్తకం రాసి, చేతిరాత ప్రతిని ప్రష్యా రాజుకి పంపాడు. ఆ పని ఫలించి 1817లో కొలోన్‌లో జెస్యూట్ల హైస్కూల్లో లెక్కలు, ఫిజిక్స్ చెప్పే ఉద్యోగం వచ్చింది. అక్కడ మంచి ల్యాబ్ ఉంది. అప్పటికి ఆయనకి ఇరవై ఎనిమిది. ల్యాబ్‌లో కావలసిన పరికరాలు కొన్ని తనే చేసుకునేవాడు. ఇనుముని ఎట్లా వంచాలో, సన్నని భాగాల్ని ఎట్లా బిగించాలో చిన్నప్పుడే నాన్న దగ్గర చూసినవాడు కదా.

1820లో డెన్మార్క్‌లో ఓయర్‌స్టెడ్ తీగలో కరెంటు పోతే పక్కనున్న అయస్కాంత సూది కదులుతుందని చూపించాడు. యూరప్ అంతా అదే మాట. ఓమ్ సారు కూడా ప్రయోగాలు మొదలుపెట్టాడు. తీగ పొడవు పెరిగితే కరెంటు ఎంత తగ్గుతుంది? ఇంతే ప్రశ్న. ఇప్పుడు మనకి ఇది ప్రశ్నలాగే కనిపించదు. అప్పట్లో ఓల్టేజ్, కరెంటు, రెసిస్టెన్స్ అని మూడు వేర్వేరు ముక్కలుగా విడదీసి చూడడమే లేదు. అమ్మీటర్ లేదు, ప్రతి గంటా ఒకేలా పనిచేసే బ్యాటరీ లేదు.

1825లో మొదటి పేపర్ వేశాడు. అందులో ఫార్ములా తప్పు. లాగరిథమ్ వచ్చే ఫార్ములా ఒకటి ఇచ్చాడు, కొన్ని రీడింగులకి అది సరిపోయింది కూడా. అసలు చిక్కు బ్యాటరీది. వోల్టా సెల్ కనెక్ట్ చేయగానే ఎక్కువ కరెంటు ఇచ్చి, తర్వాత తగ్గిపోతూ ఉంటుంది. తీగ మార్చినందుకు తగ్గిందో, సెల్ అలిసిపోయినందుకు తగ్గిందో తెలియదు. అచ్చయిన పేపర్ తప్పని ఆయనకే అర్థమైంది. ఎవరూ వచ్చి చెప్పకముందే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

ఇక్కడ పొగ్గెన్‌డార్ఫ్ అనే పేరు వస్తుంది. గుర్తు పెట్టుకోండి. జర్మనీలో పేరున్న ఫిజిక్స్ పత్రికకి ఎడిటర్. బ్యాటరీ వదిలేసి సీబెక్ కనిపెట్టిన థర్మోకపుల్ వాడమని సలహా ఇచ్చింది ఆయనే. రెండు వేర్వేరు లోహాల్ని కలిపి, ఒక అతుకుని వేడిలో, ఒకదాన్ని చల్లదనంలో ఉంచితే కరెంటు వస్తుంది. చాలా కొంచెమే, కానీ నిలకడగా. ఓమ్ సారు బిస్మత్, రాగి తీసుకున్నాడు. ఒక అతుకు మరుగుతున్న నీళ్లలో, ఇంకోటి కరుగుతున్న మంచులో. ఈ రెండు ఉష్ణోగ్రతలూ వాటంతట అవే కదలకుండా ఉంటాయి. దీన్ని మించిన రెగ్యులేటెడ్ పవర్ సప్లై ఆ రోజుల్లో లేదు.

ఒకే మందం ఉన్న ఎనిమిది రాగి తీగలు కోశాడు. పొడవులు 2, 4, 6, 10, 18, 34, 66, 130 అంగుళాలు. ఒక్కొక్కటే పెట్టి, వేలాడదీసిన అయస్కాంత సూది ఎంత తిరుగుతుందో, దాన్ని వెనక్కి తేవడానికి పైన ఎంత మెలిపెట్టాలో కొలిచాడు. ఇది 1826 జనవరి. రెండంగుళాల తీగకి సుమారు 327 వచ్చింది. 130 అంగుళాల తీగకి నలభై ఎనిమిదిన్నర. ఇక్కడ ఆగి చూడండి. తీగ 65 రెట్లు పొడవైంది, కరెంటు ఏడో వంతు కూడా కాలేదు. నేనైతే ప్రయోగం తప్పిందని ల్యాబ్ రికార్డులో పక్కవాడివి దించేవాణ్ని.

ఆయన చూసిందేంటంటే, కరెంటు ఆ తీగలో మాత్రమే తిరగడం లేదు. బిస్మత్ కడ్డీ, కలిపే ముక్కలు, అన్నీ దారిలోనే ఉన్నాయి. అవన్నీ కలిపి ఇరవై అంగుళాల పావు తీగతో సమానం అనుకుని, ప్రతి తీగ పొడవుకీ ఆ ఇరవై పావు కలిపి చూస్తే, అన్ని రీడింగులూ ఒకే లెక్కలో కూర్చున్నాయి. 7285ని ఆ మొత్తంతో భాగిస్తే సూది రీడింగ్ వస్తుంది. మీరూ ఫోన్ తీసి వేసి చూడండి. 2కి 20.25 కలిపితే 22.25, భాగిస్తే 327. 130కి కలిపితే 150.25, భాగిస్తే 48.5. వేడి తగ్గించి మళ్లీ చేస్తే పైన ఉన్న 7285 మారింది, కింద ఉన్న ఇరవై పావు మారలేదు. పైది తోసే బలం, కిందది అడ్డుపడే మొత్తం. మనం తొమ్మిదో పదో తరగతిలో ఒక్క లైన్లో రాసేసిన సూత్రం అసలు ముఖం ఇది.

డాబా మీద ఇక్కడిదాకా చదివి లేచి కూర్చున్నాను. నా పాట్ సంగతి ఇందులోనే ఉంది.

పాట్ విప్పి చూస్తే గుర్రపునాడా ఆకారంలో ఒక కార్బన్ పట్టీ ఉంటుంది. రెండు చివరలకి రెండు కాళ్లు, మధ్య కాలు ఆ పట్టీ మీద జారుతుంది. అంటే ఓమ్ సారు ఎనిమిది తీగలు మార్చి మార్చి చేసిన పనిని వేలితో తిప్పుతూ చేస్తున్నాం. మిల్లులో డ్రైవ్ ఏం చేస్తుందంటే, రెండు చివరల మధ్య 10 ఓల్టులు పెట్టి, మధ్య కాలు మీద ఎంత వస్తుందో చూస్తుంది. 5 ఓల్టులు వస్తే సగం స్పీడ్. నేను మర్చిపోయింది ఏంటంటే, చూడడానికి కూడా కొంత కరెంటు కావాలి. మాన్యువల్ ప్రకారం ఆ ఇన్‌పుట్ 20 కె. అది కూడా దారిలోనే ఉంది, బిస్మత్ కడ్డీలాగా.

ఇప్పుడు నా 100 కె సగానికి తిప్పితే పైన 50 కె, కింద 50 కె. కింద ఉన్న 50కి అడ్డంగా డ్రైవ్ వాళ్ల 20 కె వచ్చి చేరింది, రెండూ కలిసి 14.3 కె అయ్యాయి. 10 ఓల్టుల్లో మధ్య కాలుకి వచ్చింది 2.2. యాభై హెర్ట్జ్‌లో అంత వాటా అంటే 11. సరిగ్గా డిస్‌ప్లే మీద కనపడిన నంబరు! మరి నేను కష్టపడి అతికించిన 11 కె? అది రెండు చివరల మధ్య ఊరికే కరెంటు తాగుతూ కూర్చుంది. చివరల మీద 10 ఓల్టులు డ్రైవే పట్టుకుని ఉంది కాబట్టి మధ్య కాలుకి దానివల్ల ఒరిగింది సున్నా. మల్టీమీటర్ తప్పు చెప్పలేదు. నేను అడిగింది చివరల మధ్య ఎంత అని, మోటరుకి కావలసింది మధ్య కాలు సంగతి.

మా వైపు వాళ్లకి సాగర్ ఎడమ కాలువ లెక్కలో చెప్తే తేలిగ్గా ఎక్కుతుంది. మెయిన్ కాలువలో నీళ్లు నిండుగానే ఉంటాయి. తూము దగ్గర నుంచి మన పొలం దాకా పిల్ల కాలువ సన్నగా, పొడుగ్గా ఉంటే, నువ్వు మోటరు పెట్టి తోడగానే మట్టం పడిపోతుంది. మెయిన్ కాలువకి పక్కన ఇంకో తూము తెరిచినంత మాత్రాన నీ పిల్ల కాలువ వెడల్పవదు.

అదే 5 కె పెడితే? పైన 2.5, కింద 2.5కి అడ్డంగా 20, అంటే 2.2. మధ్య కాలు మీద 4.7 ఓల్టులు. పాత 10 కె పాట్‌తో అయినా 4.4 వచ్చేది. అంటే 5 కె ఇంకా నయం! సగం విలువ కాబట్టి సగం స్పీడే వస్తుందని భయపడి నేను దాన్ని కోదాడలో మా ఇంట్లోనే సొరుగులో పడేసి వచ్చాను. మరి ఎంత చిన్నదైనా పెట్టొచ్చా అంటే పెట్టకూడదు. చివరల మధ్య 5 కె అయితే 10 ఓల్టులకి 2 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. మా డ్రైవ్ 10 మిల్లీ ఆంపియర్ల వరకూ ఇస్తుంది. 1 కె పెడితే సరిగ్గా అంచు మీద ఉంటాం, అంతకన్నా తక్కువ పెడితే డ్రైవ్ కార్డుకే ముప్పు.

ఇదంతా మూడు కాళ్లూ వాడినప్పుడు. రెండే కాళ్లు వాడి పాట్‌ని రియోస్టాట్‌లా పెట్టిన చోట కథ వేరు. అక్కడ విలువే ముఖ్యం. ఇంట్లో పాత రకం ఫ్యాన్ రెగ్యులేటర్లో 500 కె ఉంటే, దాని బదులు 100 కె పెడితే ఫ్యాన్ నెమ్మదించదు. అక్కడ నా పారలల్ ట్రిక్ కొంత పనికొస్తుంది కానీ వంకరగా. 100 కెకి 11 కె అడ్డంగా పెడితే సగం తిప్పినా 9 కె దగ్గరే ఉంటుంది, మార్పంతా ఒక చివర ఇరుక్కుంటుంది. ఇంకో మాట, బి అంటే సమానంగా పెరిగేది, ఏ అంటే ఆడియో కోసం లాగరిథమ్‌లో పెరిగేది. ట్రిమ్మర్ల మీద 103 అంటే 10 కె, 104 అంటే 100 కె. సూర్యాపేట షాపులో నేను ఈ అక్షరం కూడా చూడలేదని తర్వాత తెలిసింది. అదృష్టం, అది బి.

మళ్లీ కొలోన్‌కి వద్దాం. రీడింగులు దొరికాయి, ఇక సిద్ధాంతం కావాలి. ఓమ్ సారు సగం జీతం మీద ఏడాది సెలవు పెట్టి బెర్లిన్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్లాడు. వేడి లోహంలో ఎట్లా పాకుతుందో ఫ్రాన్స్‌లో ఫూరియే 1822లో లెక్క కట్టి చూపించాడు. కరెంటుని కూడా అట్లాగే చూడొచ్చని ఓమ్ అనుకున్నాడు. 1827లో పుస్తకం వచ్చింది. గాల్వానిక్ సర్క్యూట్‌ని గణితంతో వివరించే పుస్తకం. ఇది చూపించి యూనివర్సిటీలో ప్రొఫెసర్ అవుదామని ఆశ. వయసు ముప్పై ఎనిమిది.

ఎవరూ పట్టించుకోలేదు. అప్పటి జర్మనీలో ప్రకృతిని ఇట్లా సమీకరణాల్లో పెట్టడం చాలామందికి నచ్చేది కాదు. బెర్లిన్‌లో పోల్ అనే ఆయన పుస్తకాన్ని ఉతికి ఆరేశాడు. ప్రొఫెసర్ పదవి రాలేదు. 1828లో ఓమ్ కొలోన్ ఉద్యోగానికి రాజీనామా చేశాడు. ఆ ల్యాబ్ కూడా పోయింది. తర్వాత అయిదేళ్లు బెర్లిన్‌లో చిన్నాచితకా పాఠాలు చెప్పుకుంటూ గడిపాడు. పెళ్లి లేదు, స్థిరమైన జీతం లేదు. చదువుతుంటే నాకు బాగా గుచ్చుకున్న చోటు ఇదే. 1825లో తప్పు రాసినప్పుడు ఎవరూ ఆయన ఉద్యోగం తియ్యలేదు. సరైనది రాశాక నిలవలేకపోయాడు.

న్యాయంగా చెప్పాలంటే అందరూ అట్లా లేరు. లైప్‌జిగ్‌లో ఫెక్నర్ అనే ఆయన ప్రయోగాలు చేసి ఓమ్ లెక్క నిజమేనని చూపించాడు. కానీ అది కడుపు నింపే సాయం కాదు.

1833లో న్యూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ అయ్యాడు. అవును, పాలిటెక్నిక్. ఇప్పుడు ఆ సంస్థ ఓమ్ పేరే పెట్టుకుంది. గుర్తింపు మాత్రం బయటి దేశం నుంచి వచ్చింది. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ మెడల్ ఇచ్చింది. అప్పటికి పుస్తకం వచ్చి పద్నాలుగేళ్లు. రెండేళ్ల తర్వాత ఇంగ్లండ్‌లో వీట్‌స్టోన్ రెసిస్టెన్స్ కొలిచే పద్ధతులు వివరిస్తూ, అదంతా ఓమ్ సూత్రం మీదే కట్టాడు. రియోస్టాట్ అనే పేరు పెట్టింది కూడా వీట్‌స్టోనే.

విచిత్రం ఏంటంటే, ఇదే సూత్రం ఇంగ్లండ్‌లో అంతకు నలభై ఏళ్ల ముందే ఒకాయనకి దొరికింది. హెన్రీ కావెండిష్. మీటర్లు లేవు కాబట్టి తన ఒంటికే షాక్ ఇచ్చుకుని ఏది ఎక్కువో ఏది తక్కువో పోల్చేవాడు. బాగా సిగ్గరి, అచ్చు వేయించలేదు. ఆ కాగితాల్ని మాక్స్‌వెల్ 1879లో బయటపెట్టాడు. కావెండిష్ దాచుకుని హాయిగా ఉన్నాడు, ఓమ్ అచ్చు వేసి కష్టపడ్డాడు. మనకి పనికొచ్చింది ఎవరిదో వేరే చెప్పాలా?

పొగ్గెన్‌డార్ఫ్‌ని గుర్తు పెట్టుకోమన్నాను కదా. ఓమ్‌కి మెడల్ వచ్చిన అదే 1841లో ఆయన ఒక పద్ధతి రాశాడు. సెల్ నుంచి కరెంటు ఏమీ తీసుకోకుండా, ఎదురుగా ఇంకో ఓల్టేజ్ పెట్టి సరితూచి, దాని బలం కొలిచే పద్ధతి. మనం ఇంటర్ సెకండియర్‌లో తీగ మీద జాకీ జరుపుతూ నేర్చుకున్న పొటెన్షియోమీటర్ ఆ దారిలోదే. కరెంటు తీసుకోకుండా కొలవడం! నా 20 కె తలనొప్పికి మందు 1841లోనే రాసి ఉంది.

ఓమ్ సారుకి కోరుకున్న యూనివర్సిటీ పీఠం 1852లో మ్యూనిక్‌లో దక్కింది. అప్పటికి అరవై మూడేళ్లు. రెండేళ్లు పాఠాలు చెప్పి, 1854 జూలై 6న అక్కడే కన్నుమూశాడు. 1881లో పారిస్‌లో ప్రపంచ దేశాల ఎలక్ట్రీషియన్లు కూర్చుని రెసిస్టెన్స్ కొలతకి ఆయన పేరు ఖాయం చేశారు. ఆ తర్వాత దాన్ని చేతికి దొరికేలా నిర్వచించడానికి తీసుకున్నది ఏంటో తెలుసా? ఒక చదరపు మిల్లీమీటరు మందంతో, సుమారు 106 సెంటీమీటర్ల పొడవున్న పాదరసం గీత, కరిగే మంచు ఉష్ణోగ్రతలో. మళ్లీ అదే పొడవు, అదే మంచు.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకి కోదాడ వెళ్లి, సొరుగులోంచి 5 కె తీసుకుని మధ్యాహ్నానికి మిల్లుకి తెచ్చాను. నాబ్ సగం తిప్పితే డిస్‌ప్లే మీద 23 దాటింది. బాబాయి వడ్లు పడే తీరు కాసేపు చూసి, మార్కర్ తీసుకుని ప్యానెల్ తలుపు లోపలివైపు 5 కె అని, పక్కన తేదీ రాశాడు. నేను సోల్డర్ చేసిన 100 కె ఇప్పుడు నా హాస్టల్ టేబుల్ మీద ఉంది, 11 కె ఇంకా దానికే అతుక్కుని.